ఓడెల్ నోట్లో గుర్రాలు

పోయిన వారం నేను చెప్పిన మా తమ్ముడు ఓడెల్ హాస్కిన్స్ నిర్వాకం మీకు గుర్తుండే ఉంటుంది. లేకపోతే నేనే గుర్తుచేస్తాను, ఆ పని నాకు ఇష్టమే. పట్టపగలు, పదిమంది చూస్తుండగా, బర్ల్ ట్రాక్స్‌లర్ కారు బానెట్ మీద చెయ్యి వేసి పందెం కాశాడు. సీజన్ ఆఖరి శనివారం, మా ఊరి రేసు రోడ్డు మీద, పావుమైలు. ఒక పక్క మా నోవా కారు, ఇంకో పక్క ట్రాక్స్‌లర్ కమారో. ఓడినవాళ్లు కారు తాళం గెలిచినవాళ్ల చేతిలో పెట్టి నడుచుకుంటూ ఇంటికి పోవాలి. మా కెంటకీ వైపు బానెట్ మీద చెయ్యి వేసి మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

పోనీ ఆ నోవా వాడిదా అంటే, కాగితాల్లో మాత్రమే వాడిది. బతికున్నన్నాళ్లూ నడిపింది వాడి భార్య, మా మరదలు జ్యూవెల్. ఆవిడ జబ్బు చేసి పోయాక మూడేళ్లు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. దాన్ని బయటికి లాగి, ఇంజన్ ముక్క ముక్క విప్పి, చలికాలమంతా వేళ్లు కొంకర్లు పోతుంటే మళ్లీ కట్టుకున్నది కూతురు రోవీనా. తల్లి గుర్తుగా ఆ పిల్లకి మిగిలింది అదొక్కటే. దాన్ని తీసుకెళ్లి వీడు పందెంలో పెట్టాడు.

పెట్టాడు సరే, కారు కదిలితే కదా. బుధవారం సాయంత్రం ప్రాక్టీసులో పచ్చ లైటు వెలిగింది, రోవీనా పెట్రోలు పూర్తిగా తొక్కింది, నోవా మొండికేసిన కంచరగాడిదలా ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ తర్వాత దగ్గుకుంటూ బయల్దేరింది. కంచె మీద కూర్చున్న ట్రాక్స్‌లర్ చప్పట్లు కొట్టాడు.

"ఆటోమేటిక్ కారు కదమ్మా, ఆదివారం చర్చికి పోవడానికి బాగుంటుంది," అన్నాడు. "శనివారం తాళంచెవి కడిగి తీసుకురా. నాకు జిడ్డు పడదు."

నేను ఆ రేసు రోడ్డు పక్కన బర్గూ అమ్ముతాను. గొర్రెమాంసం, మొక్కజొన్న, చేతికి దొరికిన కూరగాయలన్నీ వేసి పెద్ద కుండలో ఉడికించే కూర. రోవీనా వచ్చి నా బల్ల ముందు కూలబడింది. ఒక గిన్నె పోసి ముందు పెట్టాను, ముట్టలేదు.

"అత్తా, తప్పు ఇంజన్‌ది కాదు, కన్వర్టర్‌ది," అంది.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పు. నేను కూరలు వండేదాన్ని."

అది నా బల్ల మీద తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూపించింది. "దీనికి ఎదురుగా ఇంకో ఫ్యాన్ పెట్టావనుకో, కరెంటు ఇవ్వకుండా. దీని గాలికి అదీ తిరుగుతుంది కదా? ఆటోమేటిక్ కారులో క్లచ్ ఉండదు. ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య గుమ్మడికాయంత ఇనుప డబ్బా ఉంటుంది. లోపల అలాంటి ఫ్యాన్లే, గాలికి బదులు నూనె. అదే కన్వర్టర్. బ్రేకు బిగబట్టి పెట్రోలు పూర్తిగా తొక్కితే ఇంజన్ ఒక వేగం దాకా వెళ్లి, ఇంక పైకి పోలేక ఆగిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. నా ఇంజన్ నిమిషానికి నాలుగువేల చుట్లు దాటితే గానీ నిద్రలేవదు. ఈ డబ్బా మూడువేల అయిదొందల దగ్గరే మెడ పట్టుకుంటోంది."

"అయితే అందరికంటే ఎక్కువది పెట్టించెయ్."

"నీ బర్గూలో ఉప్పు ఎక్కువేస్తే రుచి పెరుగుతుందా? స్టాల్ మరీ ఎక్కువైతే నూనె జారుతుందే తప్ప తొయ్యదు. ఉడికిపోతుంది. ఇంజన్ గొంతు చించుకుంటుంది, కారు మాత్రం పోదు." గిన్నె దగ్గరికి లాక్కుంది కానీ తినలేదు. "నాకు నాలుగువేల మూడొందలు కావాలి. హార్లన్ గారికి అదే చెప్పమన్నాను నాన్నకి. మరి ఆయన ఇలా ఎందుకు కట్టారో తెలీడం లేదు."

హార్లన్ ప్రూయిట్ అంటే పక్క జిల్లాలో ఈ డబ్బాలు కోసి, లోపలి రెక్కలు సరిచేసి, మళ్లీ అతికించే పెద్దాయన. ఆయనకి ఫోన్ చేసింది ఓడెల్. ఇంజన్ పనిలో వాడు ఒక్క బోల్టు కూడా ముట్టలేదు. ఈ ఒక్క పనీ నేను చేస్తానని అడిగితే, పాపం నాన్న కదా అని పిల్ల ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే రోవీనా హార్లన్‌కి ఫోన్ చేసింది. "డబ్బా తీసుకురా, శుక్రవారానికి ఇస్తా," అన్నాడట ఆయన. "కానీ ముందు కారుని కాటా మీద పెట్టి తూచు, నువ్వు లోపల కూర్చుని. ఈసారి ఏదీ నోటి మాట మీద కట్టను." ఆ చివరి మాటలో ఏదో ఉందని నాకు అప్పుడే అనిపించింది.

మా ఊళ్లో అంత పెద్ద కాటా ధాన్యం గిడ్డంగి దగ్గరే ఉంటుంది. అక్టోబరు నెల, మొక్కజొన్న లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్యలో మా ఎర్ర నోవా. లారీ డ్రైవర్లు ఒకటే జోకులు. "బస్తా ఎంత, అమ్మాయ్?" అని ఒకడు, "తేమ ఎంతుందో కూడా చూడండి," అని ఇంకొకడు. రోవీనా అద్దం దించి, "తేమ నీ బుర్రలో చూసుకో," అంది. మా వంశమే.

కాటా బల్ల ఊగి ఆగింది. మూడువేల ఆరొందల పౌండ్లు. రోవీనా దిగొచ్చి అంకె మళ్లీ చూసింది. "మూడువేల నాలుగొందలు ఉండాలి. రెండొందలు ఎక్కువ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఈ కాటా మొక్కజొన్నకి, కార్లకి కాదు," అన్నాడు ఓడెల్. అని, తేలు కుట్టిన దొంగలా లారీల వైపు చూస్తూ నిలబడ్డాడు. పొద్దున్నించీ వాడు మాట్లాడింది అదొక్కటే. ఎప్పుడూ నోరు మూతపడని మనిషికి ఏమొచ్చిందా అనుకున్నాను. పందెం భయం పట్టుకుందిలే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

"సీట్లు విప్పి చూస్తాను," అంది రోవీనా.

"టైము ఎక్కడుంది? గేరుబాక్సు దించాలి, డబ్బా తీసుకెళ్లాలి," అన్నాడు ఓడెల్ వెంటనే.

అదీ నిజమే. పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "సరే. ఎందుకుందో తర్వాత చూస్తా. ఉన్న బరువు ఉన్నట్టు హార్లన్ గారికి చెప్తా," అంది.

మధ్యాహ్నానికి ముగ్గురం హార్లన్ షెడ్డులో ఉన్నాం. ఆయన మా డబ్బాని బల్ల మీద పెట్టి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, నేరుగా రోవీనానే అడిగాడు.

"నీ ఇంజన్ హార్స్‌పవర్ ఎంత, అమ్మాయ్?"

"నాలుగొందల అరవై గుర్రాలు. బలం కొలిచే మెషీన్ మీద పెట్టి చూశాను."

హార్లన్ ఓడెల్ వైపు తిరిగాడు. తొందరేం లేదు ఆయనకి. బల్ల మీదున్న గుడ్డ తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"నాన్నా," అంది రోవీనా, "ఎంత చెప్పావు?"

ఓడెల్ షెడ్డు తలుపు వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నా. హార్లన్ గారికి ఫోన్లో ఎంత చెప్పావు?"

"ఏడొందలు," అన్నాడు వాడు. వాడి బూట్లకి చెప్పినట్టు చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరేయ్, నీ మాటలు కోటలు దాటతాయని చిన్నప్పట్నించీ తెలుసు. చేపని పట్టుకుంటే మూరెడంటావు, జింకని కొడితే ఏనుగంతంటావు. అవన్నీ భరించాం. కానీ కన్నకూతురి ఇంజన్ విషయంలో కూడా కోతలేనా? నాలుగొందల అరవై అంటే నీ పరువు పోతుందా?"

వాడు అవునన్నట్టు తలూపాడు. అదీ కొత్తే.

"ఇలా కోసేది మీ తమ్ముడొక్కడే కాదులే, ఫెర్న్," అన్నాడు హార్లన్. "ఇరవై ఏళ్లుగా వింటున్నా. గుర్రాలేమో పెరుగుతాయి, బరువేమో తగ్గుతుంది. తర్వాత నా డబ్బా బాలేదంటారు." రోవీనా వైపు తిరిగాడు. "ఏడొందల గుర్రాలు తోస్తే నాలుగువేల మూడొందల దగ్గర బిగుసుకునేట్టు కట్టాను. వస్తాదు తోసేందుకు బిగించిన తలుపుని మామూలు మనిషి తోస్తే ఎంత తెరుచుకుంటుంది? తప్పు తలుపుదీ కాదు, తోసినవాడిదీ కాదు."

రోవీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవలేదు. తండ్రి దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నాలుగొందల అరవై తక్కువ కాదు, నాన్నా. ప్రతి గుర్రాన్నీ నా చేతులతో పెట్టాను. నువ్వు ఏడొందలు అన్నప్పుడు ఆ చలికాలమంతా నేను చేసింది చాల్లేదన్నట్టే కదా."

"అలా కాదమ్మా," అన్నాడు ఓడెల్. ఇంకేదో చెప్పబోయి ఆగాడు. తర్వాత గబగబా, "పోనీ ఈసారి బాగా ఎక్కువ పెట్టించుకో. అయిదువేల అయిదొందలు పెట్టించు. ఇప్పుడందరూ అవే వాడుతున్నారు," అన్నాడు.

హార్లన్ కనుబొమలు లేచాయి. "అడిగితే కడతాను. ఏమంటావు, అమ్మాయ్?"

పిల్ల ఒప్పేసుకుంటుందేమో అనుకున్నాను. నిన్న చేదుగా దెబ్బ తిన్నవాళ్లకి ఇవాళ తీపి ఎక్కువ కావాలనిపిస్తుంది కదా. పిల్ల డబ్బా మీద అరచెయ్యి వేసి నిలబడింది.

"వద్దు. నాలుగువేల మూడొందలే. నా ఇంజన్‌కి కావల్సింది అదే," అంది. "నాలుగొందల అరవై గుర్రాలు, మూడువేల ఆరొందల పౌండ్లు, వెనక చక్రాల కొలతలు ఇవిగో. ఉన్నదున్నట్టు కట్టండి."

"కారు ఎవరు నడుపుతారు?" అని అడిగాడు హార్లన్.

"నేనే."

"అయితే చెప్పాల్సింది కూడా నువ్వే. మొదటే నువ్వు ఫోన్ చెయ్యాల్సింది," అని కళ్లజోడు దించుకుని, డబ్బాని కోత మెషీన్ మీదకి ఎత్తాడు.

శుక్రవారం డబ్బా వచ్చింది. మా షెడ్డులో కారు కింద దూరి రోవీనా దాన్ని ఎక్కిస్తుంటే లైటు పట్టుకున్నది నేనే. అది ఊరికే తోస్తే కూర్చోదట. చేత్తో మెల్లగా తిప్పుతూ తోస్తే మూడుసార్లు టక్కుమనాలి. రెండుసార్లకే చాల్లే అనుకుని బిగించేసి గేరుబాక్సు పగలగొట్టుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఒకటి విన్నాం. రెండు విన్నాం. తిప్పుతోంది, తిప్పుతోంది, రాదు. "నీ అమ్మని తలుచుకో," అన్నాను. "అమ్మయితే ఈపాటికి తిట్టేది," అంది. టక్కుమంది. ఇద్దరం నూనె చేతులతోనే వాటేసుకున్నాం.

ఇక శనివారం. మధ్యాహ్నం మూడైనా ఎండలో వేడి లేదు, రోడ్డు చల్లగా ఉంది. జిల్లాకి జిల్లా వచ్చేసింది. నా బర్గూ కుండ ఒంటిగంటకే అడుగంటింది, అదీ మంచిదే అయింది, కుండ వదిలేసి కంచె దగ్గరికి పోయాను. ఇలాంటి పంతం పందేల్లో టైము అంకెలు చూపించరు. బోర్డు ఆర్పేస్తారు. రోడ్డు చివర, ఎవరు గెలిస్తే ఆ వరసలో ఒక దీపం వెలుగుతుంది, అంతే. మాది ఎడమ వరస.

ట్రాక్స్‌లర్ కమారో టైర్లు పొగలు కక్కించి జనానికి ఈలలు వేయించాడు. నోవా ఏ హంగామా లేకుండా గీత దగ్గరికి వచ్చి ఆగింది. రోవీనా ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు పెట్రోలు మీద. ఇంజన్ గొంతు పెరిగింది. కారు వెనక భాగం కిందకి కుంగింది, ముందు భాగం కాస్త లేచింది. బుధవారం ఆ గొంతు సగంలో ఆగిపోయింది. ఇవాళ ఆగలేదు. నాకు బండ్ల గురించి ఏమీ తెలీదు గానీ, ఆ శబ్దం విన్నాక జ్యూవెలే లోపల కూర్చుందేమో అనిపించింది.

పచ్చ లైటు వెలిగింది.

నోవా పోయింది. ఎలా పోయిందని చెప్పను? ఒక క్షణం నా ముందుంది, తర్వాతి క్షణం నా ముందు లేదు. దగ్గు లేదు, తడబాటు లేదు, టైరు కూడా జారలేదు. కమారో టైర్లు చల్లటి రోడ్డు మీద గిర్రున తిరిగి, తోక అటూ ఇటూ ఆడించి, అప్పుడు పట్టు దొరకబుచ్చుకుని వెంటపడింది. ట్రాక్స్‌లర్ మంచి డ్రైవరు, కాదనను. సగం దూరానికి దగ్గరికొచ్చేశాడు. అక్కణ్ణుంచి రెండు కార్లూ కలిసిపోయి ఒకటే చుక్కలా కనిపించాయి. ఎవరు ముందో నా కళ్లకి ఆనలేదు. నా పక్కన ఓడెల్ కంచె కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఎడమ దీపం వెలిగింది.

కేకలతో చెవులు హోరెత్తాయి. ఎవరో నన్ను ఎత్తేశారు. డెబ్బైకి దగ్గరపడ్డ ముసలిదాన్ని ఎత్తి దించాక నా చెప్పు ఒకటి కనిపించలేదు, ఈనాటికీ దొరకలేదు, దాని గురించి నేను బాధపడనూ లేదు. రోవీనా తిరిగొచ్చి కారు ఆపి దిగగానే హెల్మెట్ కింద పడేసి నన్ను గట్టిగా పట్టుకుంది. "కారులెంగ్తు తేడా, అత్తా. ఒక కారంత ముందున్నాను," అంది. ఈసారి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గెలిచి ఏడవడంలో ఉన్న సుఖం నాకు ఆరోజే తెలిసింది.

ట్రాక్స్‌లర్ నడుచుకుంటూ వచ్చాడు. తాళంచెవి నోవా బానెట్ మీద పెట్టాడు. నిజంగానే కడిగి తెచ్చాడు.

"ఆటోమేటిక్ గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు. "ఒక్కటి చెప్పు. ఇంత చల్లటి రోడ్డు మీద, అంత బలంగా లేచి, నీ టైర్లు ఎలా జారలేదు? నావి సబ్బు మీద తిరిగినట్టు తిరిగాయి."

"తెలీదు," అంది రోవీనా. "వెనక ఎవరో కూర్చుని తొక్కిపట్టినట్టుంది." ఆ మాట అని ఆగిపోయింది. కాటా మీద అంకె గుర్తొచ్చిందని దాని మొహమే చెప్పింది. తలుపు తీసి వెనక సీటు మీద చెయ్యి వేసింది.

"ఇంటికెళ్లాక చూద్దాంలేమ్మా," అన్నాడు ఓడెల్.

పిల్ల వినలేదు. సీటు పైకి లాగింది. కింద ఎనిమిది సంచులు, బుల్లెట్లు చేసుకునే సీసం గుండ్లవి, వరసగా పేర్చి ఉన్నాయి. మూతులకి పొగాకు కట్టలు కట్టే పురికొస. ముడి చూడగానే గుర్తుపట్టాను. ఎడమచేతి వాటం ముడి. మా నాన్న ఎన్ని దెబ్బలు వేసినా మానుకోని ముడి. మా ఊళ్లో అలా కట్టేవాడు ఒక్కడే.

రోవీనా కూడా ఆ ముడి చూస్తూనే పెరిగింది. లేచి నిలబడింది.

"నువ్వే పెట్టావా, నాన్నా?"

"నేనే."

"ఆ ఏడొందలు?"

"అదీ కావాలనే చెప్పాను. అయిదువేల అయిదొందలు పెట్టించుకోమన్నదీ అందుకే." వాడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు ఓడిపోవాలనే చేశాను. ఆ కారు మన ఇంట్లోంచి పోవాలని."

మూడు రోజులుగా వాణ్ణి కోతలరాయుడని తిట్టిపోశాను, తీరా అది కోతే కాదు. రోవీనా కోప్పడుతుందనుకున్నాను. అది మాత్రం సంచుల వైపు చూసి, చక్రాల వైపు చూసి, నవ్వడం మొదలుపెట్టింది.

"ఆ రెండొందల పౌండ్లూ వెనక చక్రాల మీదే కూర్చున్నాయి, నాన్నా. నేను జారకుండా పట్టుకున్నది నీ సీసమే. నన్ను ఓడించబోయి నువ్వే గెలిపించావు." కళ్లు తుడుచుకుంది. నవ్వు ఆగింది. "కానీ అమ్మ కారు ఈయన చేతికి ఎందుకు పోవాలనుకున్నావు? ఊళ్లో ఇంతమంది ఉండగా ఈయనకే ఎందుకు?"

ఓడెల్ బానెట్‌కి అవతల నిలబడ్డ ట్రాక్స్‌లర్ వైపు తిరిగాడు.

"బర్ల్, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ట్రాక్స్‌లర్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. అది జ్యూవెల్ కోసమేనని నాకు అర్థమైంది, అతను చెప్పింది మాత్రం వచ్చే వారం చెప్తాను.